పన్నెండు ఖాళీ పేజీలు, ఏడు పెళ్లి బ్లాకులు

ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. నేను దాని జోలికి పోను, అది నా జోలికి రాదు. నాయిన చూసి చూసి నన్ను మేడ్చల్‌లో మా మేనమామ ప్రెస్సులో పడేశాడు. అక్షరాలంటే పడక బడి మానేసినవాణ్ని అక్షరాల మధ్యనే కూర్చోబెట్టారన్న మాట. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చి, కాలితో తొక్కే మెషీన్ మీద అచ్చు వేయడం మా పని. సీసం మీద అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. అందుకే ఇప్పటికీ కాగితం తలకిందులుగా పట్టుకుంటేనే నాకు తొందరగా తలకెక్కుతుంది.

మా ప్రెస్సుకు అన్నం పెట్టేవి రెండు: పెళ్లి కార్డులు, ప్లాట్ల బ్రోచర్లు. కవులు తొంభైల మధ్యలో వచ్చారు. అప్పటికి నాకు పెళ్లి కూడా అయింది, అంటే మా కార్డు మేమే కొట్టుకున్నాం. కవులది మామూలు కవిత్వం కాదు, ప్రయోగమట. మామకు ఆ మాట అర్థం కాలేదు కానీ, పెళ్లిళ్ల సీజన్‌లో వాళ్లకు అక్షరాలు ఖాళీ ఉండవని మాత్రం బాగా అర్థమైంది.

"మూఢంల రాండ్రి సార్," అన్నాడు. "మూఢంల లగ్గాలుండయి. అక్షరాలన్ని మీయే."

అలా వాళ్ల పత్రిక మాసపత్రికా కాలేదు, త్రైమాసికమూ కాలేదు. గురుడో శుక్రుడో అస్తమిస్తే వచ్చేది. లోకాన్ని తలకిందులు చేస్తామనే మనుషులు మా గోడ మీది పంచాంగం చూసుకుని బయల్దేరేవారు.

ముఖ్యమైన వాళ్లు ముగ్గురు. పత్రిక నడిపేది మచ్చ బొల్లారం నుంచి వచ్చే బ్యాంకు క్లర్కు. గుండ్లపోచంపల్లిలో లేత్ మిషన్ మీద పనిచేసే ఆయన ఒకరు. మూడో మనిషి శామీర్‌పేట టీచరమ్మ. ఆదివారం పొద్దున కాగితాల కట్టల మీద కూర్చుని, ఒకరి కవితలు ఒకరు చీల్చి చెండాడుకుని, చాయ్ తాగి బస్సెక్కేవారు. ఒకసారి లేత్ ఆయన మొత్తం ప్రశ్నార్థకాలతోనే ఒక కవిత తెచ్చాడు. వంద కావాలి. మా దగ్గర ఉన్నవి పదహారు.

"అన్నా, పదహారు ప్రశ్నలు ఇప్పుడడుగు," అన్నాడు మామ. "మిగిలినయి వచ్చే మూఢంల అడుగుదువు."

టీచరమ్మ నాయిన మాకు ముందునుంచీ తెలుసు. శామీర్‌పేట దిక్కు పొలాలున్న మనిషి, వాటిని ప్లాట్లు చేసి అమ్ముతూ బ్రోచర్ల కోసం మా దగ్గరికి వచ్చేవాడు. అందరం పటేలా అనేవాళ్లం. ఒకసారి బ్రోచర్ వెనక పేజీ ఖాళీగా వదిలామని కట్ట మొత్తం నా ముందు విసిరికొట్టాడు.

"ఖాళీ ఇడిస్తే ఏందో దాస్తున్నరనుకుంటరు కొనేటోళ్లు. ఏదో ఒకటి కొట్టు. గుడి బొమ్మన్న కొట్టు. నీకు జెప్తున్న, లత్కోర్."

ఆ తిట్టు తిన్న రోజు నుంచి ఖాళీ పేజీ బయటికి పంపకపోవడం మా ప్రెస్సు కట్టుబాటు.

కొన్నేళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. ఎడమ చెయ్యి, మెడ ఆడేవి. ఆ మూఢంలోనే టీచరమ్మ చిన్న పుస్తకం తెచ్చింది. పన్నెండు కవితలు, ఒక్కొక్కటీ నాయినకు వేసిన ఒక్కో ప్రశ్న. ప్రతి కవిత తర్వాతా నంబరు వేసిన ఒక తెల్ల కాగితం.

"జల్దీ కావాలె తమ్మీ," అంది. "నాయినకు మాట పోయింది గని చెవులు మంచిగనే ఉన్నయ్. మల్లొకసారి గట్లయితే గవి గూడ ఉండయంటున్నడు డాక్టరు. వచ్చే ఐతారం ఆయన ముంగట సదవాలె."

కవితల ప్రూఫులు తనే దిద్దింది. తెల్ల కాగితాలకు ప్రూఫేముంటుంది. వాటి గురించి ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. అడుగుదామంటే బ్యాంకు సారు అత్తగారింటికి పోయాడు.

"పన్నెండు ఖాళీలేంది అల్లుడా?" అన్నాడు మామ.

"రాసుడు మరిచిందేమో మామా."

"పటేలు సూస్తే మన ఇద్దరి తోలు తీస్తడు. నింపు."

మూఢం కదా, పెళ్లి కార్డుల మీద బొమ్మలు కొట్టే బ్లాకులన్నీ పనిలేక ఖాళీ. వినాయకుడు, కలశం, అరటి చెట్లు, శంఖం, చిలకల జంట, పల్లకి, కలిపిన చేతులు. ఏడు పేజీలు గడిచాయి. వేసిన బొమ్మే మళ్లీ వేస్తే మామకు నామోషీ. మిగిలిన ఐదు పేజీలకు నా బుర్రే దిక్కైంది. ఎడమ పక్క బిడ్డ అడుగుతోంది. కుడి పక్క పటేలు ఏమంటాడో నాకు తెలియదా? ఆయన తిట్లు తిన్నంతగా నేను అన్నం కూడా తినలేదు.

కవితలు ఆమెవి, ఇక్కడ చెప్పను. ప్రశ్నల సారం చెబుతాను. బాయి కాడి మామిడిచెట్టు అమ్మేముందు దాన్నొక మాట అడిగినవా, అని ఒకటి. "అడిగిన. ఇంకింత రేటొచ్చేదాంక ఆగుమన్నది" అని కొట్టాను. చదువుకుంటానంటే మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు సైకిల్ తెచ్చినవ్, నడుమ ఏమైంది, అని ఇంకొకటి. "నడుమ మీ అమ్మ అయింది." నా కవితలు ఎన్నడన్నా చదివినవా, అని మరొకటి. "సదివిన. ప్లాటు నంబరు యాడ రాసినవో దొరకలే." అమ్మ పోయిన రోజు పొలం కాడ ఒక్కడివే ఎందుకు కూర్చున్నవ్, అనేదానికి కొంచెం ఆలోచించి "మోటరు చెడిపోయింది బిడ్డా, సూసుకుంట కూసున్న" అని పేర్చాను. ఐదోది చెప్పుకునేంత గొప్పగా రాలేదు.

శనివారం పొద్దున బ్యాంకు సారు వచ్చి, కుట్టిన కాపీ ఒకటి తిప్పి, కాగితాల కట్ట మీద కూలబడ్డాడు.

"ఇదేందయ్యా?"

"ఖాళీలుంటే నింపినం సార్," అన్నాను, మెచ్చుకుంటాడేమోనని.

"ఎడమ పేజీల బిడ్డ అడుగుతది. కుడి పేజీల తండ్రి మాట్లాడలేడు. ఆ ఖాళీయే కవిత. ఆమె ఆయన మౌనాన్ని తెచ్చి మీ చేతిల పెడితే, మీరు దాని మీద పల్లకి కొట్టిండ్రు."

"ముందుగాల ఒక మాట చెప్పొద్దా సార్," అన్నాడు మామ. "చెప్తే ఏం కొట్టకుంటనే కొట్టేటోళ్లం."

మళ్లీ వేయడం ఒక్క రోజులో అయ్యే పని కాదు. మధ్యాహ్నం బస్సులో టీచరమ్మ దిగింది. ఒక్కో పేజీ తిప్పింది. చిలకలు చూసింది, పల్లకి చూసింది. మామిడిచెట్టు దగ్గర ఆగింది.

"ఇవెవరు రాసిండ్రు?"

మామ చూపుడు వేలు నా వైపు తిరగడానికి అర క్షణం పట్టలేదు.

"మా నాయినను నువ్వెప్పుడు సూసినవ్?"

"మస్తుసార్లు తిట్టిచ్చుకున్న అక్కా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. కాపీ సంచిలో పెట్టుకుని, "రేపు నువ్వు గూడ రా" అని వెళ్లిపోయింది. ఆ రోజు నా నోటికి కూడా పక్షవాతం వచ్చిందని మా ఇంట్లో సంబరపడ్డారు.

ఆదివారం పది గంటలకు వాళ్ల వాకిట్లో పటేలును దిండ్లకు ఆనించి మంచం మీద కూర్చోబెట్టారు. కవులు చాప మీద. నేను గేటు దగ్గర, పారిపోవడానికి వీలుగా. టీచరమ్మ కవిత చదివి, పక్క పేజీ ఆయనకు చూపించేది. వినాయకుడు రాగానే ఎడమ చెయ్యి నుదుటికి పోయింది. చిలకలు చూసి నా వైపు చూశాడు. పల్లకి రాగానే ఆ వంకర పెదవుల నుంచి ఒక మాట వచ్చింది.

"లత్కోర్."

టీచరమ్మ చేతిలో పుస్తకం కిందికి జారింది. పక్షవాతం వచ్చాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే. తిట్లు మెదడులో వేరే గదిలో ఉంటాయని తర్వాత డాక్టరు చెప్పాడట. పటేలుది పెద్ద గదే అయుంటుంది.

"మాట వచ్చింది," అన్నాడు లేత్ ఆయన మెల్లగా.

ఆమె మళ్లీ చదవడం మొదలుపెట్టింది. మామిడిచెట్టుకు ఆయన భుజాలు కదిలాయి. సైకిల్‌కు తల ఊపాడు. ప్లాటు నంబరుకు నవ్వో దగ్గో తెలియక ఆయన కోడలు నీళ్లు తాగించింది. నేను గేటు దగ్గర నుంచి చాప దాకా వచ్చేశాను.

అప్పుడు అమ్మ పోయిన రోజు కవిత వచ్చింది. చదివి, నా మోటరు జవాబు కూడా గొంతు తగ్గించి చదివింది. ఆయన నవ్వలేదు. ఎడమ చెయ్యి లేపి నా అక్షరాల మీద అరచెయ్యి పెట్టాడు. తీయలేదు.

"గట్ల కాదా నాయినా?"

కాదన్నట్టు తల ఆడించాడు.

"మరేం రాయాలె?"

ఆ అరచెయ్యి పేజీ మీద పైనుంచి కిందికి వచ్చింది. మళ్లీ పైనుంచి కిందికి. పలక తుడిచినట్టు. గుడి బొమ్మన్నా కొట్టమన్న మనిషి.

పల్లకి తీసేద్దామా అని టీచరమ్మ అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఉండనీ అన్నట్టు చెయ్యి ఊపి, మళ్లీ నన్నే చూశాడు.

సోమవారం నుంచి కుట్లు విప్పి ఆ ఒక్క కాగితం మార్చాం. పుస్తకం ఏడు బ్లాకులతో, నా నాలుగు జవాబులతో, ఒక ఖాళీ పేజీతో బయటికి వచ్చింది. ప్రయోగం చెడిందని బ్యాంకు సారు కొన్నాళ్లు అలిగాడు. పటేలు ఇంకో రెండు మూఢాల దాకా ఉన్నాడు. వేరే మాటలేవీ తిరిగి రాలేదు. ఆ ఒక్కటి మాత్రం నేను వెళ్లినప్పుడల్లా వచ్చేది.

కౌకూర్ నుంచి ఒకాయన పుస్తకం పట్టుకుని ప్రెస్సుకు వచ్చాడొకసారి. "ఈడ ఒక పేజీ కొట్టుడు మరిచిండ్రు," అన్నాడు.

మామ కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీని చాలాసేపు చూశాడు, ఏదో రాసి ఉన్నట్టే.

"మరువలే సార్," అన్నాడు. "అది పటేలు రాసుకున్న పేజీ."