ఎడమ చేత్తో ఇవ్వడం

ఎడమ చేత్తో ఎవరికైనా ఏదైనా ఇవ్వాలంటే నాకు ఇప్పటికీ జంకే. మా అమ్మ పెంపకం అలాంటిది. ఉప్పునుంతల దగ్గర మా ఊళ్లో నాట్లకు, పత్తి ఏరడానికి కూలికి పోయే మనిషి ఆమె. పనిలో ఆమెకు రెండు చేతులూ ఒకటే. ఇంట్లో మాత్రం నేను ఎడమ చేత్తో చెంబు అందిస్తే ఆ చేతి మీద ఒకటి పడేది. పెద్దవాళ్లకు ఇస్తే రెండు పడేవి.

ఆ భయంతోనే పెబ్బేరు వైపున్న ఆడపిల్లల హాస్టల్ బడిలో చేరాను. ఎనిమిదో తరగతిలో మా పీఈటీ మేడం నన్ను రిలే జట్టులో రెండో స్థానంలో వేసింది. నలుగురం తలా వంద మీటర్లు పరుగెత్తాలి. మొదటి పిల్ల తెచ్చే బ్యాటన్‌ను నేను వెనక్కి చూడకుండా ఎడమ చేత్తో అందుకోవాలి. చేయి మార్చకుండా, అదే ఎడమ చేత్తో మూడో ఆమె కుడి చేతిలో పెట్టాలి. ఆ మూడో ఆమె పదో తరగతి అక్క, గద్వాల వైపు నుంచి వచ్చింది. నేను హాస్టల్‌కు కొత్తగా వచ్చినప్పుడు నాకు జడలు వేసింది, జ్వరమొస్తే నా ప్లేటు కడిగింది. అలాంటి మనిషికి ఎడమ చేత్తో ఇవ్వడమా!

ప్రాక్టీసులో రెండు మూడు సార్లు చేయి మార్చాను. మేడం ఈల ఊది అరిచింది.

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు? అది బ్యాటన్, పసుపు కుంకుమ పెట్టి ఇచ్చే వాయినం కాదు!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇక మార్చనని మాట ఇచ్చాను గానీ, ఎవరికీ కనిపించకుండా మార్చుకుంటే ఏం పోతుందిలే అని మనసులో అనుకున్నాను. మొండితనం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

జిల్లా పోటీలు వనపర్తిలో. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు వెళుతుంది. అక్కకు అదే ఆఖరి అవకాశం. పది అయిపోతే ఆమె చేరబోయే కాలేజీలో గ్రౌండే లేదు. వారం ముందే ట్రాక్ ప్యాంటు ఉతికి, మడత పోకుండా దిండు కింద పెట్టుకుంది.

బ్యాటన్ బాగానే అందుకున్నాను. మేమే ముందున్నాం. అక్క వీపు, వెనక్కి చాచిన ఆమె చేయి కనిపించాయి. అప్పుడు బ్యాటన్ కుడి చేతికి మార్చబోయాను. తెలియకుండా జరిగిపోయిందని తర్వాత మేడంతో చెప్పాను గానీ, తెలిసే చేశాను. అది వేళ్లకు తగిలి జారి పక్క జట్టు లైనులోకి దొర్లింది. నేను తీసుకొచ్చి ఇచ్చేసరికి మిగతా జట్లన్నీ వెళ్లిపోయాయి. అయినా అక్క ప్రాణం పెట్టి పరుగెత్తింది. ఆఖరున వచ్చాం.

తిరుగు బస్సులో ఆమె పక్కన కూర్చుని, "నీకు ఎడమ చేత్తోని ఇయ్యబుద్ధి కాలేదక్కా" అన్నాను.

"నిన్ను మర్యాద అడిగిన్నా నేను? బ్యాటన్ అడిగిన" అంది.

పరీక్షలు రాసి బడి వదిలి వెళ్లేదాకా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆమె తిట్టినా బాగుండేది.

మేడం నన్ను జట్టులోంచి తీసేస్తుందనుకున్నాను. తీసేయలేదు. హాజరు రిజిస్టరు, ఈల, నీళ్ల సీసా, ఏదైనా సరే తనకు ఎడమ చేత్తోనే ఇవ్వాలని హుకుం వేసింది. నేను సిగ్గుతో తల దించుకుని ఇస్తే, "తల ఎత్తి ఇయ్యి తల్లీ" అని నవ్వుతూ తీసుకునేది. ఆమె నవ్వు చూసి చూసి నాకు ఆ సిగ్గు కొంచెం కొంచెం పోయింది.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అలవాటులో అమ్మకు ఎడమ చేత్తో నీళ్లిచ్చాను. చేతి మీద పడింది. ఏడుపు ఆగక జరిగిందంతా చెప్పాను.

"తప్పు నీది గాదు, నాది. గా పిల్లకు గట్లనే చెప్పు" అంది అమ్మ.

మర్నాడు కూలికి పోయేముందు చీర ఎగ్గట్టి, పత్తి కట్టె ఒకటి పట్టుకుని బండ్ల బాట మీద నా వెనక ఉరికింది. "పట్టు బిడ్డా! ఎన్కకు సూడకు!" అని కేకలు. అందుకోవడం అయ్యాక, నేను వెనక నుంచి వచ్చి ఆమెకు ఎడమ చేత్తో ఇవ్వాలి. మొదటి రోజు ఆమె చేయి అందుకోకుండా దానంతటదే ముడుచుకుపోయింది. నాలుగో రోజుకు గట్టిగా పట్టుకుని ముందుకు ఉరికింది. దారిన పోయేవాళ్లు ఇదేం పిచ్చి అన్నట్టు చూశారు. మా అమ్మ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

మరుసటి ఏడు జిల్లా పోటీల్లో చేయి మార్చలేదు. గెలిచాం. మేడం ఫోన్ అడిగి తీసుకుని, గ్రౌండ్ గోడ పక్కకు పోయి అక్కకు చేశాను.

"అక్కా, గెలిచినం."

"చేయి మార్చలేదు గదా?"

"లేదక్కా. పోయినేడు తప్పు తనదని మా అమ్మ నీకు చెప్పమన్నది."

"అమ్మను ఏమనకు. నాకు ఇంకా కోపం పోలేదు పిల్లా. నాక్కూడా రాష్ట్ర పోటీలకు పోవాల్నని ఉండె. ఆడ గూడ గట్లనే ఇయ్యి."

ఫోన్ పెట్టేసింది. జట్టు పిల్లలు మెడల్స్ వేసుకుని ఫొటోకు రమ్మని పిలుస్తున్నారు. నేను ఆ గోడ పక్కనే నిలబడి ఏడ్చాను. తప్పు దిద్దుకోవడానికి నాకు ఇంకో ఏడాది దొరికింది. నా తప్పుకు ఓడిపోయిన ఆమెకు దొరకలేదు.