పేలిక కట్టిన కర్ర

మా అవ్వ సాయమ్మ ఎవరినీ నమ్మేది కాదు. పాలు పోసే మనిషిని నమ్మదు, పాలిచ్చే బర్రెను నమ్మదు. కట్టంగూర్ దగ్గరి మా చెలకలో పచ్చజొన్న కంకి వేస్తే దాన్నీ నమ్మదు. నిజం చెప్పాలంటే ఆ అనుమానమే మాకు ఇంత తిండి పెట్టింది.

విత్తనానికి కంకులు ఏరడం అవ్వ పని. కోతకు ముందే చేనంతా తిరిగి, మంచి జొన్నకర్రలకు గుర్తుగా గుడ్డ పేలికలు కట్టేది. కోతప్పుడు ఆ కంకులను తానే విడిగా తీసి, వచ్చే ఏటికి దాచేది. లావు కంకి కనపడగానే మా నాయిన మురిసిపోయేవాడు. అవ్వ మాత్రం దాన్ని దొంగను చూసినట్టు చూసేది. గట్టు పక్కన ఒంటరిగా పెరిగితే వద్దు, ఎండా ఎరువూ అదొక్కటే మింగింది. మరీ పొడుగైతే వద్దు, గాలికి పడిపోతుంది. గింజలు మరీ బిగుసుకున్నా వద్దు, వానకు లోపల బూజు పడుతుంది. పక్క కర్రల మధ్య ఇరుక్కుని కూడా నిండుగా గింజ పట్టినదే కావాలి.

ఒక ఏడు గుర్తు కట్టిన కంకులన్నీ ఎవరో విరుచుకుపోయారు. దొంగ దొరకలేదు కాబట్టి అవ్వ ఊరందరినీ దొంగల్లో కలిపేసింది, మా అమ్మ కృష్ణమ్మతో సహా. కోడలు కదా, పుట్టింటికి పంపి ఉంటుందని.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది, ఎర్రజెండా సంఘం దళాలు జొన్నచేలల్లో దాక్కుంటున్నాయని మిలిటరీ ఊరూరా గాలిస్తోంది. అంతకుముందు సంఘానికి భయపడి పారిపోయిన మా పటేలు మిలిటరీ లారీలోనే తిరిగొచ్చాడు. ఇద్దరు మాట్లాడుకుంటే మూడోవాడు చెవులు రిక్కించే రోజులు. అప్పుడు అవ్వ పేలికలకు గుడ్డ అడిగితే అమ్మ తన పాత చీర ఇచ్చింది. ఎర్రచీర. అన్నిటినీ అనుమానించే అవ్వకు ఆ రంగు మీద మాత్రం అనుమానం రాలేదు.

పటేలు జవాన్లను వెంటబెట్టుకుని ఎడ్లబండి మీద చేనుకు వచ్చాడు.

"గీ ఎర్ర పేలికలు ఎవలకే ముసల్దానా? దళపోళ్లకు తొవ్వ చూపిస్తున్నవా?"

"ఇత్తనానికి పటేలా."

"ఇత్తనానికైతే గట్టు పొంటి గంత లావు కంకి ఉన్నది గద, దాన్నెందుకు ఇడిసిపెట్టినవ్?"

"దానికి పక్కన పోటీ లేదు పటేలా. దాన్నెట్ల నమ్ముత?"

పటేలు నవ్వాడు. "కంకిని నమ్మదట. మనం మాత్రం దీన్ని నమ్మాల్నట!"

నాయిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జవాన్లు పేలిక ఉన్న ప్రతి కర్రనూ నరికారు. కంకులు పటేలు ఎడ్ల ముందు పడ్డాయి. అవి తీరిగ్గా నమిలిన తీరు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అవ్వ వాళ్ల అత్త కాలం నుంచి వస్తున్న విత్తనం తన చీర వల్ల పోయిందని అమ్మ కూలబడి ఏడ్చింది. అవ్వ అంతకన్నా పెద్దగా శోకాలు పెట్టింది.

వాళ్లు ఊరు దాటాక అవ్వ టక్కున ఏడుపు ఆపేసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఊకో పిల్లా. ఇత్తనం యాడికీ పోలే. దొంగలు పడ్డకాన్నుంచి నేను మంచి కర్రకు కడ్తలేను. దాని పక్కదానికి కడ్తున్న."

అమ్మ నిర్ఘాంతపోయింది. "నాకు గూడ చెప్పకపోతివి అత్తా!"

"చెప్తే గిట్ల ఏడుస్తుంటివా? నువ్వు ఏడ్సినవనే ఆళ్లు నమ్మి పోయిన్రు."

ఏ పక్కదో అప్పుడూ చెప్పలేదు. కోతలో ఎవరినీ దగ్గరికి రానీయకుండా తానే కోసుకుంది. ఇంత చాకిరీ చేసినా తనను దొంగల్లోనే ఉంచిందని అమ్మకు గుచ్చుకుంది. చాలాకాలం అత్తతో ముభావంగా ఉండిపోయింది.

మరుసటి ఏటికి అవ్వకు చూపు మందగించింది. కంకులు పండే వేళకు అమ్మను చేనుకు తీసుకుపోయి, తెల్ల పేలికలు చేతిలో పెట్టింది.

"ఎటుపక్కదానికి కట్టాలె?" అని అమ్మ కోపంగానే అడిగింది.

అవ్వ చుట్టూ చూసింది. నాయిన వైపు, నా వైపు కూడా అనుమానంగా చూసింది. అమ్మ తలను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. అమ్మ మళ్లీ ఏడ్చింది. అది ఏ పక్కో నాకు ఈనాటికీ తెలియదు.