నలభై ఒక్క డిగ్రీల అల్మారా

2023 మే నెల. కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ పాలిమర్ ల్యాబ్‌లో నేను అసిస్టెంట్‌ని. చదివింది ఇంటర్ వరకే. లెక్కలు పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. సెలవులకు అందరూ వెళ్లిపోయారు. ఊడ్వడానికి వచ్చే సైదమ్మక్క తప్ప నాతో మాట్లాడే మనిషి లేదు.

మేము చేస్తున్నది హైడ్రోజెల్, అంటే నీళ్లను పట్టి ఉంచే పాలిమర్. ముప్పై రెండు డిగ్రీల లోపు నీళ్లలా ఉంటుంది, ఒంటి వేడి తగిలితే గడ్డకడుతుంది. షుగర్ పుండు మీద పోస్తే పట్టీలా అతుక్కోవాలన్నది మా ప్రయత్నం. ఏసీ గదిలో, ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర, రెండేళ్లుగా ప్రతి సీసా లెక్కా నేనే రాస్తున్నాను.

సైదమ్మక్క గుడికి వచ్చినట్టు గడప బయటే చెప్పులు విడిచి, ఉత్త కాళ్లతో లోపలికి వచ్చేది. కుడికాలి వేలికి గుడ్డ చుట్టి ఉండేది.

"గా మందేదో నాకే ముందుగాల పెట్టి సూడరాదు సారూ. నాది షుగర్ పుండే గద."

"మనుషుల మీద ఇంకా పరీక్ష కాలేదక్కా. పెట్టొద్దు."

"పెట్టకుంటే పాయె, జర సూడనియ్యి."

మూత బిగించిన సీసా ఇచ్చాను. ఆమె అరచేతి వేడికే అది తెల్లగా గడ్డకట్టింది. ఆమె పకపకా నవ్వింది.

"మా రేకులింట్ల పెడితే సీసలనే గడ్డ అయితది. ఇగ పుండు మీదికెట్లొస్తది? ఏసీ గూడ నువ్వే కొనిస్తవా?"

మర్నాడు థర్మామీటర్‌తో ఆమె ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం అల్మారాలో నలభై ఒకటి. ఒంటి వేడి ముప్పై ఏడు. ఇల్లే ఒంటికన్నా వేడిగా ఉంటే, ఒంటి మీద గడ్డకట్టే మందు ముందే సీసాలో గడ్డకడుతుంది; ఏ అంకె దగ్గర గడ్డకట్టేలా చేసినా అది అక్కడ పనికిరాదు. రెండేళ్ల లెక్క పోయింది. నమ్మలేక, పదకొండు రోజులు రోజూ వెళ్లి ఆ అల్మారా వేడి రాసుకున్నాను.

పన్నెండో రోజు ఇంటికి తాళం. జ్వరమొస్తే సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. జూన్ చివర్లో ఆమె కర్ర పట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది.

"వేలు తీసేసిన్రు సారూ. అల్మార ఎంత కాలిందో దినాం రాసుకున్నవ్. నా పుండు ఎంత పెరిగిందో ఒక్కనాడన్న రాసినవా?"

రాయలేదు. మందు పెట్టకపోవడం సరైన పనే. కానీ దవాఖానకు పొమ్మని చెప్పలేదు. ఉత్త కాళ్లతో తిరగొద్దనీ చెప్పలేదు. గడప బయట ఆమె చెప్పులు రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు ఈ ల్యాబ్ నడిపే మా మేడమ్ వేడితో పనిలేకుండా, పుండు రసిలోని కాల్షియంతో గడ్డకట్టే జెల్ మొదలుపెట్టారు. నా నోట్‌బుక్‌లో మొదటి గడి పుండు కొలతకు, రెండోది ఆ మనిషి ఇంటి వేడికి.

సైదమ్మక్క మిర్యాలగూడలో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. ఈ వేసవిలోనూ ల్యాబ్‌లో నేనొక్కణ్నే. గడప పక్కన ఒక కాగితం అంటించాను: చెప్పులు విడవకండి.