నైట్ షిఫ్టు ఇంట్లో ప్రార్థన

మా పాస్టరమ్మ మీద నాకున్న అసూయను ప్రార్థనలో చాలాసార్లు ఒప్పుకున్నాను. ఒప్పుకుని లేచి, కళ్లజోడు పెట్టుకుని, మళ్లీ ఆమె బ్లాగే తెరిచేదాన్ని.

ఆమెది కోస్తా. పెళ్లయి గోదావరిఖని వచ్చింది గానీ ఇంకా మా ఎండలకు అలవాటు పడలేదు. నా కూతురి వయసుది. అయినా పాస్టరుగారి భార్య కాబట్టి నేను అమ్మగారూ అనే పిలవాలి. నేను సంఘంలో బైబిల్ వుమన్‌ని, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లతో ప్రార్థన చేయించడం నా పని. ఈ బొగ్గుగని క్వార్టర్లలో ఎవరిది ఏ షిఫ్టో, ఏ ఇంటి అత్తకు మోకాళ్ల నొప్పులో నన్ను అడగాలి. నా చెప్పులరిగిన వీధుల్లోకి ఆమె ఆటోలో వచ్చేది, కాసేపు కూర్చునేది, సాయంత్రానికల్లా ఒక పేజీ రాసి పెట్టేది. దాన్ని ఎక్కడో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు కూడా చదివి స్తోత్రం అనేవాళ్లు.

రామగుండంలో సేవకుల కూడిక జరిగింది. మాట్లాడటానికి వచ్చిన పెద్దాయన, "దేవుడు మీ ఊళ్లో చేసిన కార్యాలు మీరు రాయకపోతే ఎవరు రాస్తారు? పరిచర్యలో ఉన్న ప్రతి ఒక్కరూ బ్లాగు మొదలుపెట్టాలి" అన్నాడు. అందరూ ఆమె వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఫోన్‌లో "ప్రభువు నాకు ఎన్నో మేలులు చేశాడు" అని రాశాను. ఆ తర్వాతి మాట ఎంతకీ రాలేదు. కూతురికి చూపిస్తే, "అమ్మా, గిది బ్లాగు గాదు, వాట్సాప్ స్టేటస్" అని నవ్వింది.

ఆ వారమే ఆమె నాతో గురువారం ప్రార్థనకు వస్తానంది. గురువారం మేం వెళ్లేది గనిలో పంపు ఆపరేటరు ఇంటికి. మిగతావాళ్లకు షిఫ్టు మారుతుంటుంది గానీ ఆయనకు ఎప్పుడూ నైటే. పొద్దున వచ్చి, స్నానం చేసి, తిని, లోపలి గదిలో పడుకుంటాడు. భార్య ప్రభువును నమ్ముకుంది, ఆయన నమ్ముకోలేదు. మేం వెళ్లేసరికి ముందు గదిలో చాప పరిచి ఉంటుంది. కంజర వాయించకుండా, గొంతు బాగా తగ్గించి పాడుకుంటాం. నైట్ షిఫ్టు మనిషి పడుకున్న ఇంట్లో ఎవరైనా అంతే, పిల్లలు కూడా మునివేళ్ల మీద నడుస్తారు. పాస్టరమ్మ చప్పట్లు కొట్టబోతే చేయి పట్టుకుని ఆపాను. ఎందుకో చెప్పలేదు. ఈ ఊళ్లో అది ఒకరికి చెప్పాల్సిన సంగతే కాదు మరి.

మర్నాడు బ్లాగులో చూశాను. "ఈ బొగ్గుగనుల ఊళ్లో ఒక సహోదరి ఇంట్లో గుసగుసగా ప్రార్థించాం. తలుపుకు అవతల ఆమె భర్త. అంత భయంలోనూ ఆమె పెదవులు దేవుణ్ణి స్తుతిస్తూనే ఉన్నాయి" అని రాసింది. కింద ఆ ఇంటి ముందు నీలం డ్రమ్ములో పెరిగిన కరివేపాకు చెట్టు ఫొటో. చదివినవాళ్లంతా ఏడుపు బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం పండగలా అనిపించింది. అంత చదువు చదివి, నిద్రపోయే మొగుడికీ హింసపెట్టే మొగుడికీ తేడా తెలియలేదు! ఆదివారం సంఘంలో ఈ మాట ఎలా ఎత్తాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

శనివారం ఆ ఇంటామె ఫోన్ చేసింది.

"అక్కా, డ్యూటీల ఎవలో ఆయనకు సదివి ఇనిపించిండ్రట. గా డ్రమ్ము సూసి మా ఇల్లే అని గుర్తువట్టిండ్రు. 'నేనేమన్న కొడుతున్ననా నిన్ను?' అని అడిగి తినకుంటనే పండుకున్నడు. గీ గురువారం రాకుండ్రి అక్కా."

నా పండగ అక్కడితో అయిపోయింది. ఆ ఇంటి గేటు బయట నిలబడి వందనాలు చెప్పి వెళ్లిపోయిన రోజులు ఎన్నో ఉన్నాయి. ఎంతో కాలానికి లోపలికి రమ్మన్నారు. ఇప్పుడు నేను రాయని మాటలకు ఆ తలుపు మూసుకుంది.

నేరుగా పాస్టరమ్మ ఇంటికి వెళ్లి దులిపేశాను. "అమ్మగారూ, ఆయన పండుకున్నడని చిన్నగ పాడినం, భయపడి కాదు. రాసేముందు నన్నొక్క మాట అడిగితే ఏంబోయేది?"

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో అక్కా, మీరు చెయ్యి పట్టుకుని ఆపేసరికి నిజంగానే భయమనుకున్నానండి. ఉన్నదున్నట్టు మీరు చెప్పండి, అలాగే రాస్తాను."

చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చి, కళ్లు మూతలు పడుతున్నా, మా కోసం చాప పరిచి పడుకునేది ఆయనేనని చెప్పాను. ఎండాకాలం చాప పక్కన చల్లటి నీళ్ల సీసా కూడా పెట్టేవాడని చెప్పాను. ఆమె టకటకా టైపు చేసింది. నా నోట్లో ముతకగా ఉన్న మాట ఆమె వేళ్ల కింద నునుపుగా తయారైంది. అది చూసి కూడా కుళ్లుకున్నాను. పైన "నేను తప్పు రాశాను, ఆ ఇంటివారు నన్ను క్షమించాలి" అని పెట్టి, ఆ ఫొటో తీసేసింది.

ఆ రాత్రి ఇద్దరం ఆ ఇంటికి వెళ్లాం. ఆయన డ్యూటీకి బయల్దేరుతున్నాడు. గేటు దగ్గరే నిలబడి పాస్టరమ్మ మొత్తం చదివి వినిపించింది. ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ విన్నాడు. "సాప ముచ్చట గూడ రాసిండ్రా?" అని కాస్త సిగ్గుపడ్డాడు. రమ్మనలేదు, వద్దనలేదు. బండి ఎక్కి వెళ్లిపోయాడు.

గురువారం వెళ్లాలా వద్దా అనుకుంటూనే వెళ్లాం. ముందు గదిలో చాప పరిచి ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది.

లోపలి గది నుంచి ఆయన గొంతు వినిపించింది. "అక్కా, రాత్రి లీవు వెట్టిన. ఇయ్యాల నిద్ర ఫికర్ లేదు, గట్టిగనే పాడుండ్రి."

పాస్టరమ్మ చప్పట్లతో పాట ఎత్తుకుంది. ఎంత గొంతో! మిగతా ఆడవాళ్లంతా ఆమె వెంట గట్టిగా పాడారు. ఆ గొంతు నాకెందుకివ్వలేదని దేవుడి మీద కూడా కోపం వచ్చింది. నేనూ గట్టిగా పాడదామని నోరు తెరిస్తే ఎప్పటి చిన్న గొంతే వచ్చింది. ఆ ఇంట్లో నాకు ఇంకో గొంతు అలవాటు లేదు.

పాట అయ్యాక ఆయన లోపలి నుంచే అన్నాడు. "అమ్మగారు మంచిగ పాడింది. గానీ అక్కా, నువ్వొక్కసారి ఎప్పటి లెక్క చిన్నగ పాడరాదు? గురువారం గురువారం నేను గదే ఇనుకుంట పండుకుంట."

పాడాను. చివరి చరణం దాకా ఆపలేదు.

బయటికి వచ్చాక పాస్టరమ్మ కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. "అక్కా, ఇది రాయనా?"

"వద్దమ్మగారూ," అన్నాను. "గిది నాది. నేనే రాసుకుంట."