గోల్‌కీపరు నవ్విన ఫోటో

మా పక్కింటి అంకుల్ పోయారని ఆయన మనవరాలు మొన్న ఫోన్ చేసింది. ముందు ఇంగ్లీషులో చెప్పింది. నాకు అర్థం కాలేదనుకుందో ఏమో, వచ్చీరాని తెలుగులో మళ్ళీ చెప్పింది. నాకు రెండుసార్లూ అర్థమైంది.

వరంగల్‌లో ముప్ఫయ్యేళ్ళు పెళ్ళిఫోటోలు తీసిన మనిషి ఆయన. దేశం దాటి ఈ క్రాన్‌బర్న్‌లో కూతురింటికి వచ్చాక ఊరికే కూర్చోలేక, శనాదివారాలు పిల్లల ఆటలపోటీలకు వెళ్ళేవారు. ఫోటో తీయడం, మైదానం పక్కన బల్ల వేసుకుని అక్కడికక్కడే ప్రింటు తీసి తల్లిదండ్రులకు అమ్మడం. నేనేమో పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దడానికి స్కిల్డ్ వీసా మీద దిగినవాణ్ణి. తేదీ మారగానే కంప్యూటర్లన్నీ కూలతాయని అందరూ భయపెట్టిన రెండువేల సంవత్సరం వచ్చింది. ఏదీ కూలలేదు. మా కంపెనీకి నాతో పనీ లేకుండా పోయింది.

“దునియా ఆగిపోతదంటివి గద బిడ్డా! దునియా నడుస్తనే ఉన్నది, నీ నౌకరే ఆగింది,” అన్నారు అంకుల్ ఫెన్సు అవతలి నుంచి. ఒళ్ళు మండింది. ఆ శనివారమే నన్ను తీసుకెళ్ళి ప్రింటరు ముందు కూర్చోబెట్టారు. పొద్దున్నే తయారై వెళ్ళడానికి ఒక చోటుండటం ఎంత పెద్ద విషయమో ఉద్యోగం పోయినవాడికే తెలుస్తుంది. ఆ రుణం నేను తీర్చుకోలేదు.

బంతి ఎటుపోతే కెమెరా అటు తిప్పమని నేను పోరు పెట్టేవాణ్ణి. ఆయన మాత్రం ఆడనివ్వకుండా కూర్చోబెట్టిన పిల్లల్నీ, నారింజలు కోసే తల్లుల్నీ, రిఫరీనీ, రిఫరీగారి కుక్కనీ తీసేవారు.

“పెండ్లిల ఒక్క మేనమామ ఫోటో రాకుంటే ఇరవై ఏండ్లు మాటలుండయ్.”

“ఇక్కడ మేనమామలెవరు అంకుల్?”

“ఎవరో తెల్వకనే గద అందర్ని తీసేది!”

ఒకరోజు పన్నెండేళ్ళలోపు ఆడపిల్లల సాకర్ ఫైనల్. చెరో గోలు మీద ఉన్నారు, ఆట ముగియబోతోంది. ఒక జట్టు గోల్‌కీపరు పిల్ల మూతి బిగించుకుని నిలబడింది. పొద్దుట్నుంచీ ఆ పిల్ల నవ్విన ఫోటో ఒక్కటీ రాలేదని అంకుల్‌కి బెంగ. మెల్లగా వల వెనక్కి చేరి, పెళ్ళికూతుర్ని పిలిచినట్టే, “ఇటు సూడమ్మా! జర నవ్వు!” అని కేకేశారు.

ఆ పిల్లకి తెలుగు ముక్క రాదు. అయినా తిరిగింది. నడుం మీద చెయ్యి వేసి చక్కగా నవ్వింది. బంతి ఆమె చెవి పక్కనుంచి వెళ్ళి వలలో పడింది.

ఓడిన జట్టు కోచ్ అరుపుకి పక్క మైదానంలో ఆట ఆగింది. “ప్యాక్ అప్, మేట్! నౌ!” అంటూ బల్ల మీదకొచ్చాడు. పోటీలు నడిపే ఆవిడ, ఇంకెప్పుడూ ఇటు రావద్దంది. ఏడాదిలో రెండోసారి నా పని ఊడింది, ఈసారి ఇద్దరికీ కలిపి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“తప్పు నాదే బిడ్డా. గా ఒక్క ప్రింటు తియ్యి, పొల్లకిచ్చి పోదాం,” అన్నారు అంకుల్. 

ప్రింటు వచ్చింది. రెండు చేతులా పట్టుకెళ్ళి, “సారీ బిడ్డా, వెరీ సారీ,” అని ఇచ్చారు. ఏడుస్తున్న పిల్ల ముక్కు తుడుచుకుని చూసింది. ఫోటోలో ముందేమో పళ్ళన్నీ బయటపెట్టిన తను, భుజం వెనక గాల్లో బంతి, దూరంగా గీత మీద రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నోరు తెరిచిన కోచ్.

“మమ్! లుక్ ఎట్ కోచ్!” అని పగలబడి నవ్వింది.

ఫోటో చేతులు మారింది. తలా ఒక ప్రింటు కావాలని ఓడిన జట్టు మొత్తం మా బల్ల ముందు వరుస కట్టింది, ఆ వెనకే గెలిచినవాళ్ళు. పోటీలావిడ తమ బోర్డుకి ఒకటి కావాలంటూ వచ్చి, వచ్చే శనివారం కాస్త పెందలాడే రమ్మని చెప్పి వెళ్ళింది.

ఆ తర్వాత నాకు ఉద్యోగాలు చాలానే వచ్చాయి, పోయాయి. అంకుల్‌ని తలుచుకుంటే మాత్రం నాకు ఆ సాయంత్రమే కనబడుతుంది. జనమంతా వెళ్ళాక కోచ్ వచ్చి, ఆ ఫోటోలో తను బాగా రాలేదనీ, ఇంకొకటి తీస్తారా అనీ గొణిగాడు. అంకుల్ నవ్వలేదు. రెండు వేళ్ళతో కోచ్ గడ్డం కాస్త పైకెత్తి, కాలరు సర్ది, నాలుగడుగులు వెనక్కి నడిచి చెయ్యెత్తారు. ఆ ఆరడుగుల మనిషి ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా నిలబడ్డాడు.