ముందే రాసిన వాక్యం

బొగ్గుగనుల నడుమ ఒక పోలీసు స్టేషన్లో చాలా ఏళ్లు రైటరుగా పనిచేశాను. ఎవరు ఏ పని మీద ఎన్ని గంటలకు బయటికి వెళ్లారు, ఎన్ని గంటలకు తిరిగొచ్చారు అన్నది జనరల్ డైరీలో ఎక్కించడం నా పని. ఇంట్లో చంటిబిడ్డ ఉన్న కానిస్టేబులుకు, ఎస్సైగారిని అడిగి, బందోబస్తు తప్పించేవాణ్ణి. అతని బదులు నేనే ఉండిపోయేవాణ్ణి. పెద్దరికమంటే అదే అనుకున్నాను.

సొంత డైరీ కూడా స్టేషన్లోనే, సాయంత్రం ఆరింటికల్లా రాసేసేవాణ్ణి. చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: "ఇంట్లో అందరూ క్షేమం." ఇంటికి వెళ్లకముందే రాసిన వాక్యమది.

కిందటి నెల నా కూతురు ఫోన్ చేసింది. శ్రీరాంపూర్ వైపు ఎస్సైగా ఉంది.

"బాపూ, ఎల్లుండి పాప స్కూల్ల ఫంక్షన్. డాన్స్ చేస్తది. గదే రోజు నాకు బందోబస్తు. మా ఏఎస్సై నేను చూసుకుంట మేడం అంటుండు గని, ఇడిచిపెట్టి ఎట్ల పోవాలె? అసొంటప్పుడు నువ్వేం చేస్తుంటివి?"

"డైరీ చూసి చెప్త బిడ్డా."

"నువ్వు మారవు బాపూ," అని నవ్వింది.

నా కూతురు మూడో తరగతిలో ఉన్నప్పటి డైరీ తీశాను. వెతకాల్సిన పని లేదు, ఆ పేజీ నాకు తెలుసు. "ఇద్దరిని ఇంటికి పంపి నేనే ఉన్నాను. సాయంత్రం బడిలో పాప డాన్స్. ఇంట్లో అందరూ క్షేమం."

ఆ డాన్సు మర్నాడు పొద్దున మా ఆవిడ టీ గ్లాసు ముందు పెట్టి అన్న మాట మాత్రం డైరీలో లేదు. ఆమె గని కార్మికుడి బిడ్డ. గనిలోకి దిగేవాళ్లు తలకు పెట్టుకునే దీపాన్ని బత్తి అంటారు. పైకొచ్చాక దాన్ని తిరిగి అప్పజెప్పాలి; అప్పజెప్పలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క.

"మా బాపు బత్తి వాపస్ రాకపోతే ఆయన కోసం గని మొత్తం దేవులాడుతుండిరి. నువ్వు రాకపోతే నేనెవర్నడగాలె? పక్క కుర్చీల సంచి వెట్టి, అడిగినోళ్లకల్లా వస్తడు, వస్తడు అని చెప్పిన. ఆఖరికి నీ బిడ్డ డాన్సు నా సంచి చూసింది!"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆమె పోయి నాలుగేళ్లు. ఆ మాటే, ఇంకో నాలుగు తిట్లు కలిపి, మళ్లీ వినాలని ఉంటుంది. మొదటి షిఫ్టు వదిలే సైరన్ మోగగానే వాడలో మగవాళ్లంతా ఇళ్లకు చేరుతుంటే, ఆమె కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడేదని ఇరుగుపొరుగు ఇప్పుడు చెబుతుంటారు. గోదావరిఖనిలో ఆ సైరన్ ఇవాళ కూడా విన్నాను. అప్పటి ఒక్క సాయంత్రం ఆ గుమ్మంలోకి నడిచి వెళ్లాలనిపిస్తుంది.

పేజీని ఉన్నదున్నట్టు కూతురికి ఫోన్లో చదివాను. సంచి సంగతీ చెప్పాను.

"గా సంచి నాకు యాదికున్నది బాపూ. పచ్చది. స్టేజి మీదికెల్లి గదే కనవడ్డది."

"నేను లేకుంటే నడువదనుకున్న బిడ్డా. నేను రిటైరైన తెల్లారి గూడ స్టేషన్ తెరిచే ఉన్నది. ఏఎస్సై చూసుకుంటనంటుండు గద, చూసుకోనియ్యి."

వస్తానని గానీ రానని గానీ అనలేదు.

ఫంక్షన్‌కు ముందే వెళ్లి, పక్క కుర్చీలో గొడుగు పెట్టాను.

"పెద్దాయనా, ఈడ ఎవరన్న ఉన్నరా?"

"మా బిడ్డ వస్తది."

మూడోసారి అడిగినావిడ చంకలో పిల్లాడున్నాడు. "ఏడున్నది నీ బిడ్డ? ఆట అయిపోయినంక వస్తదా?" అంది. గొడుగు మీద చెయ్యి వేసి గేటు వైపు చూశాను. వస్తడు, వస్తడు అని చెప్పడం మా ఆవిడకు ఎంత కష్టమైందో అప్పుడు తెలిసింది.

యూనిఫాంలోనే వచ్చింది. గొడుగు తీసి నా ఒళ్లో పెట్టి కూర్చుంది.

"ఏఎస్సైకి అప్పజెప్పిన. షురువైందా?"

"ఇంకొక్క పాట అయినంక."

ఆ రోజు డైరీ ఇంటికొచ్చాకే రాశాను. పాప అడుగు ఎక్కడ తప్పిందో కూడా రాశాను. చివర అలవాటుగా "ఇంట్లో అందరూ" అని రాసి, ఖాళీ గుమ్మం వైపు చూసి ఆగాను. ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశాను.