ఓదెలు మేస్త్రి దాచిన అట్ట

నిన్న పొద్దున నా షెడ్డులో ఒక పాత ఇంజన్ విప్పి, గాలి పోయే తొర్రలో చూపుడు వేలు పెట్టాను. కిరసనాయిలు తడి, మసి, చల్లటి ఇనుము. లోపల గోరు మందాన గట్టు ఒకటి వేలికి తగిలింది. అంతే, ముప్పై అయిదేళ్ల కిందటి కరీంనగర్ బస్టాండు వెనక సందూ, అందులో ఇంజన్లు బాగుచేసే ఓదెలు మేస్త్రి రేకుల షెడ్డూ కళ్లముందుకొచ్చాయి. ఆ మేస్త్రిని మీరు చూడలేదు. పొట్టి మనిషి. మంచిర్యాల వైపు బొగ్గు గనుల్లో నీళ్లు తోడే పంపులు బాగుచేసీ చేసీ ఒక చెవి పోగొట్టుకున్నాడు. వినపడే చెవిని ఇంజన్ వైపు, వినపడని చెవిని గిరాకీ వైపు పెట్టి పని చేసేవాడు. ఎంత తొందరపెట్టినా ఆయనకు తగిలేది కాదు.

మాది నేతపని చేసే ఇల్లు. రెండు మగ్గాలు: ఒకటి నాది, ఒకటి నా భార్య పద్మది. ఎంత నేసినా కడుపు నిండక, విసుగొచ్చి, నా మగ్గం అమ్మేసి, మిగతాది అప్పు చేసి, కిరాయికి తిప్పుదామని పాత జీపు కొన్నాను. దాని ఇంజన్ కొన్నాళ్లకే చేతులెత్తేసింది. హైదరాబాదు నుంచి చెక్కపెట్టెలో ఇంకోటి తెప్పించాను. మేకులు పీకి గడ్డి పక్కకు నెడితే పెళ్లికొడుకులా మెరిసిపోతోంది! కూలి మిగులుతుందని నేనే బిగించుకున్నాను. అంత ధీమా ఎక్కడిదో నాకు? కొండగట్టుకు తీసుకెళ్లి పూజ కూడా చేయించాం. ఒక్కణ్నే ఉంటే బాగానే ఉరికేది. పదిమంది ఎక్కి ఎత్తు తగిలితే మాత్రం ఏడ్చేది.

అదే సమయంలో ఊరి బయట గ్రానైటు క్వారీ పడింది. కూలీలను గుట్ట మీదికి చేర్చడానికి ఏడాదంతా రెండు జీపులు కావాలన్నాడు కాంట్రాక్టరు. ఐదు జీపులవాళ్లం వెళ్లి నిలబడ్డాం. "లొల్లి వద్దు. వచ్చే ఆదివారం పదేసి మందిని ఎక్కించుకొని గుట్ట ఎక్కుండ్రి. ముందుగాల వచ్చిన రెండిటికే పని" అన్నాడు. ఆ పని రాకపోతే ఇంకొకరి మగ్గాల షెడ్డులో కూలికి నేయడమే గతి.

ఓదెలు మేస్త్రి దగ్గరికి పరుగెత్తాను.

"పెద్ద కార్బొరేటర్ ఎయ్యి మేస్త్రీ. బలం గావాలె. పద్మ మగ్గం అమ్ముత."

"పద్మను అడిగినవా?"

నేను జీపు బానెట్ ఎత్తి పట్టుకున్నాను.

"ఉన్న బలం యాడ పోతుందో సూసినవా? గది సూడకముందే గా పిల్ల మగ్గం మీద పడ్డవా?" అని పానా అందుకున్నాడు.

ఇంజన్ తలకూ గాలి గొట్టానికీ మధ్య ప్యాకింగ్ ఉంటుంది, రెండు ఇనుముల సందులోంచి గాలి లీకవకుండా. దాన్ని బయటికి తీసి వెలుగులో పట్టుకున్నాడు. "గిదెవడు జేసిండు?"

"నేనే" అన్నాను, కాస్త గొప్పగానే. చీర అంచుల డిజైనుకు చిల్లులు కొట్టి వాడతామే, ఆ మగ్గం అట్టతో కోసిన ప్యాకింగ్ అది.

"తొర్ర గింత చిన్నగ ఎందుకు కోసినవ్?"

"బిగిగ ఉంటే బలం కదా మేస్త్రీ."

నేతలో అంతే మరి. బిగి లేని గుడ్డను ఎవరు కొంటారు? మేస్త్రి బోర్లించిన బకెట్టు మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఓరి నేతగాడా! గుడ్డకు బిగి గావాలె. దీనికి ఊపిరి గావాలె. పీక పిసికి ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతదిరా?" నాకు తల కొట్టేసినట్టయింది.

కొత్త ప్యాకింగ్ కోసి తొర్ర మీద పెట్టి చూశాడు. ఇనుములోనే పోతపోసినప్పటి గట్లు లోపలికి పొడుచుకొచ్చి ఉన్నాయి. నా చేతికి సన్న ఆకురాయి ఇచ్చాడు. "నేనా?" అన్నాను. "నువ్వే. కండ్లు మూసుకొని ఏలుతోని సూడు. తెగిన పోగును దొరకవట్టే ఏళ్లు నీయి. నా ఏళ్లు మొద్దువారినయ్. గట్టు తియ్యి, గుంత జెయ్యకు." నేతను వదిలించుకోవాలని జీపు కొన్నవాణ్ని, ఆ నేత వేళ్లతోనే నాలుగు రోజులు ఆ గట్లు అరగదీశాను. ఆయన నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు సరిచేశాడు, ప్లగ్గులు కడిగాడు. టాపు మీది ఇనుప క్యారియరు విప్పి అవతల పడేశాడు. "గీ ఇనుమును గూడ ఊకెనే మొయ్యాల్నా అది?"

మూడో రోజు పద్మ సద్ది తెచ్చింది. మేస్త్రి ఊరంతా వినపడే గొంతుతో, "బిడ్డా, నీ మొగడు నీ మగ్గం బేరం పెట్టిండు" అన్నాడు. పద్మ టిఫిను డబ్బా కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "మగ్గం అమ్మి నేనేం జెయ్యాలె? జీపెనక ఉరకాల్నా?" సిగ్గుతో చచ్చిపోయాను. ఈరోజుకీ ఆ మాట గుర్తొస్తే తల వంగిపోతుంది.

ఆదివారం పదో మనిషిగా మేస్త్రే ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. సగం దారిలో ఒక జీపు పొగలు కక్కి ఆగిపోయింది. ఇంకోటి వెనక్కి జారింది. చివరి మలుపులో నేను ఆత్రంగా యాక్సిలరేటర్ మీద కాలు అదమబోతే మోకాలి మీద చెయ్యి వేశాడు. "జర ఆగు. ఊపిరి తీస్కోనియ్." తీసుకోనిచ్చాను. రెండో జీపు నాదే అయింది. మేస్త్రి దిగి, ఏమీ ఎరగనట్టు బీడీ ముట్టించుకున్నాడు.

ఆ తర్వాత ఖాళీ దొరికినప్పుడల్లా ఆయన షెడ్డులోనే ఉండి పని నేర్చుకున్నాను. కొన్నేళ్లకు ఆయన పోయాడు. కొడుకు ఆయన పనిముట్ల పెట్టె తెచ్చి నాకిచ్చాడు. అడుగున నూనె కాగితంలో చుట్టి నేను కోసిన ఆ అట్టే ఉంది. చిన్న తొర్రల చుట్టూ పెన్సిలుతో సరైన కొలత గీసి ఉంది. దాని కింద అట్లాంటి మగ్గం అట్టలతోనే కోసిన ప్యాకింగులు, ఓ కట్ట. నేను పద్మ ముఖం చూశాను.

"పాత అట్టలు నా దగ్గర అడిగి తీస్కపోయేటోడు" అంది పద్మ, కళ్లు తుడుచుకుంటూ. "అట్ట మంచిదే బిడ్డా, తొర్రే చిన్నది అనేటోడు. నీకు జెప్పొద్దన్నడు. కండ్లు నెత్తికెక్కుతయట."

నవ్వాను, ఏడ్చాను కూడా.

నిన్న ఆ గట్టు అరగదీసి, ఇంట్లోకి వినపడేలా ఒక అట్ట తెమ్మని కేకేశాను. లోపల మగ్గం చప్పుడు ఆగింది. పద్మ అట్ట ఇచ్చి వెళ్లి, మళ్లీ మగ్గం మీద కూర్చుంది. తొర్ర పెద్దగానే కోశాను.